వేచియుండుట సేవ కాదా?

ఋణములలో నెల్ల తీర్చుట కష్టమైనది లెక్కకు లొంగని ఋణము. అప్పు తెచ్చినవాడు అసలును వడ్డీని గట్టి పత్రమును చింపివేయవచ్చును. కూలికి పిలిచినవాడు ప్రొద్దు గ్రుంకువేళ కూలి చేతబెట్టి పంపవచ్చును. కాని “నీకు ఆపద వచ్చిననాడు నన్ను పిలువుము, నా ప్రాణ మొడ్డుదును” అని మాట యిచ్చి, ఆ మాటకు కట్టుపడి యేండ్ల తరబడి వేచియున్నవానికి మనము తీర్పవలసిన దెంత? వాడు పోరాడిన దినములకే బాకీయా? వేచిన దినములకు గూడనా? ఈ ప్రశ్న సైనిక కార్యాలయములలోని గుమాస్తాలకు మాత్రమే సంబంధించిన దని నేను చిరకాలము తలచితిని. అట్లు కాదని నాకు దెలిపినది లాల్ దర్వాజాలో నివసించు ఒక తల్లి.

ఆమె కుమారుడు నా పూర్వశిష్యుడు. మోటారు బండ్లు బాగుచేయు కొట్టులో పనిచేయుచున్నాడు. వానికి టెరిటోరియల్ ఆర్మీలో జేరవలెనని కోరిక. ఆంగ్లమున నున్న నియమములను దీసికొని, ఒకనాటి సాయంకాలము తల్లితో గూడ మా యింటికి వచ్చెను. నేను చదివి యర్థము చెప్పుచుంటిని. ఏటిలో కొంతకాలమే సిపాయిగా నుండుననియు, తక్కిన కాలమున తన వృత్తి తాను చేసికొనుచుండు ననియు, పింఛనునకు మాత్రము సేనలో నిజముగా గడపిన దినములే లెక్కకు వచ్చు ననియు జెప్పితిని. అంతవఱకు పలుకక కూర్చున్న యా తల్లి, “ఏడాదిలో రెండు నెలలే సిపాయి అంటున్నరు గద సారూ, ఆ రెండు నెలల్ల నా బిడ్డ ప్రాణం పోతే, పోయేది రెండు నెలల ప్రాణమేనా?” అని యడిగెను. తర్కశాస్త్రమును కొంత చదివినవాడనే యైనను నాకు వెంటనే బదులు తోచలేదు.

ముందుగా శాసనమేమి చెప్పుచున్నదో చూతము. టెరిటోరియల్ ఆర్మీ చట్టము 1948లో వచ్చినది. 1949 అక్టోబరు 9వ తేదీన నాటి గవర్నర్ జనరల్ చక్రవర్తుల రాజగోపాలాచారిగా రీ సైన్యమునకు ప్రారంభోత్సవము జరిపిరి. వేఱొక జీవనోపాధి గల పౌరులను దీసికొని, వారికి యేటేట తరిఫీదు నిచ్చి, అవసరము కలిగినపుడు సేనలోనికి పిలుచుకొనుట దీని పద్ధతి. ఇట్లు పిలిచి సేనలో గలుపుకొనుటకు ఆంగ్లమున ‘ఎంబాడిమెంట్’ అని పేరు. శరీరధారణ మని దాని యర్థము. అనగా పిలిచినపుడే సిపాయికి శరీరము వచ్చును. పంపివేసినపుడు అది పోవును. నడుమ నున్న కాలమున వాడు శాసనము దృష్టిలో అశరీరుడు!

ఇక లెక్క. క్రమసైన్యమున సామాన్య సిపాయికి 15 ఏండ్ల సేవకును, అధికారికి 20 ఏండ్ల సేవకును పింఛను వచ్చును. టెరిటోరియల్ ఆర్మీకిని అవే అంకెలు. కాని యవి శరీరధారణ మొందిన దినములతో నిండవలెను. 15 ఏండ్లనగా 180 నెలలు. ఏటికి రెండు నెలలే పిలువబడువాని యెడల, ఆ రెండు నెలలును లెక్కకు వచ్చునని యొప్పుకొన్నను, పింఛను చేతికందుటకు 90 ఏండ్లు పట్టును. ఇరువదవ యేట జేరినవాడు నూట పదియవ యేట దానిని బొందును. దళములు దీర్ఘకాలము పిలువబడి, అర్హత నిండినవారును గలరు. నే నెఱుగనివాడను గాను. అయినను అంకె సమానమైనంతమాత్రమున న్యాయము సమానము కాదని చూపుట కీ లెక్క చాలును.

దీనికి పూర్వపక్షము గలదు. దానిని తేలికగా ద్రోసివేయుట ధర్మము కాదు. “ఇంటిని, గ్రామమును విడిచి, యౌవనమంతయు మంచుకొండలలో గడపిన సిపాయియు, కొట్టులో పని చేసికొనుచు నేటికి కొన్ని దినములు కవాతు చేసినవాడును ఒక్కటేనా? ఇతనికి వేఱు జీవనము గలదు, అతనికి లేదు. ఇద్దఱకు నొక్క పింఛనే యిచ్చినచో మొదటివాని కన్యాయము. పైగా బొక్కసము అక్షయపాత్ర కాదు” అని వారందురు. ఈ మాటలో సత్యమున్నది. ముసలితనమున భుక్తికై యిచ్చు పింఛను ఒకవిధముగా నిలువజేసిన వేతనము. పని యెంతయో అది యంత యనుట తప్పు గాదు. రెండు నెలలవానికి పండ్రెండు నెలల వేతనమును నేను గోరను.

కాని సిపాయికి మనము బాకీపడునది వేతన మొక్కటియేనా? ఇక్కడనే మన లెక్క తప్పుచున్నది. అతడు మనకు రెండు వస్తువుల నిచ్చుచున్నాడు. ఒకటి కాలము. రెండవది శరీరము. కాలమును దినములుగా విభజింపవచ్చును. శరీరమును విభజింప వీలులేదు. రెండు నెలల సిపాయికి తగిలిన గుండు, పండ్రెండు నెలల సిపాయికి తగిలిన గుండులో ఆఱవవంతు నొప్పి కలిగింపదు. తెగిన కాలు ఏటిలో పది నెలలు తిరిగి మొలవదు. కావున కాలమునకు జెల్లు బాకీని కాలముతో కొలువుడు. శరీరమునకు జెల్లు బాకీని ఆ కొలతతో కొలువకుడు. వృద్ధాప్యపు పింఛను విషయమున దినములు లెక్కించుట న్యాయము కావచ్చును. గాయము, అంగవైకల్యము, మరణము అను వీని విషయమున దినములు లెక్కించుట అన్యాయమే.

మన సుప్రీం కోర్టు 2021 డిసెంబరు 17వ తేదీన నొక వ్యాజ్యమున నీ మార్గముననే తీర్పు చెప్పినది. క్రమసైన్యమున సుమారు పాతికేండ్లు పనిచేసి విరమించిన యొక సిపాయి 2007లో టెరిటోరియల్ ఆర్మీకి జెందిన పర్యావరణ దళమున జేరెను. 2009లో సెలవుపై ఇంటికి బోవుచు ప్రమాదమునకు లోనై కుడికాలు పోగొట్టుకొనెను. వైకల్యము నూటికి 80 పాళ్లని వైద్యులు నిర్ణయించిరి. ఆ దళమువారికి వైకల్యపు పింఛను లేదని యధికారులు వాదించిరి. చేరునపు డతడు వ్రాసియిచ్చిన యొప్పుకోలు పత్రమును జూపిరి. మహాబలముగల ప్రభుత్వమునకును, బ్రతుకుదెరువు వెదకుకొనుచు వచ్చిన సామాన్య సిపాయికిని బేరమాడు శక్తి సమానము కాదనియు, అట్టి పత్రముతో హక్కును హరింప వీలులేదనియు న్యాయస్థానము నిర్ణయించి పింఛను నిప్పించెను. సంతకమున్నచోట నెల్ల సమ్మతి యున్నదనుట భ్రమ. ఆకలిగొన్నవాని సంతకమును న్యాయాధిపతులు చదువవలసిన తీరిది.

ఇంక నొక యంశము గలదు. దానిని గ్రహించుటకు నా పాఠశాలకు దూరము గాని బర్కసు వఱకు బోయిన జాలును. చాంద్రాయణగుట్ట కావల నున్న యా పేట పేరు ‘బారక్స్’ అను ఆంగ్లపదమునకు వికృతి. హద్రమౌతు నుండి వచ్చిన అరబ్బులు నిజాము కొలువున నచ్చట కాపురముండిరి. నిజాము సైన్యము రెండు తెఱగులు: ‘బాకాయిదా’, అనగా కాయిదాకు లోబడిన క్రమసేన, రెండవది ‘నజ్మె జమియత్’ అను క్రమేతర సేన. అరబ్బులలో బెక్కుమంది యీ రెండవదానిలోనివారు. వీరి జమాదారుల ధాటికి జంకి, మొదటి సాలార్ జంగు తన మంత్రిత్వకాలమున (1853-1883) వారిని కట్టుబాటులోనికి దెచ్చుటకు మిక్కిలి శ్రమింపవలసి వచ్చెను. అరబ్బుల, రోహిల్లాల వడ్డీవ్యాపారమును తెలంగాణపు రైతు నేటికిని మఱువలేదు. ఇది యంతయు నిజమే.

1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగినది. నిజాము రాజ్యముతోపాటు ఆ క్రమేతర సేనయు నంతరించినది. తరతరములుగా కొలువే వృత్తిగా నున్నవారికి వృత్తి పోయెను. కొందఱు దేశము విడిచిరి. నిలిచినవారు చిల్లర వర్తకమునకును, తోటలకును దిగిరి. బర్కసు జామపండ్లు నేడు పట్టణమంతట ప్రసిద్ధములు. నేరము చేసినవానిని శిక్షించుటకు న్యాయస్థానములు గలవు. శిక్ష మనిషి మనిషికి వేఱుగా విధింపబడును. కాని సేన రద్దగునపుడు జీవనము మాత్రము గుంపుగా పోవును. కోట వాకిట ముప్పదియేండ్లు కావలి నిలిచిన వృద్ధుడును, నిన్న జేరిన బాలుడును ఒక్క కలముపోటుతో వీధిలో బడుదురు. “నీ సేవ నిండలేదు” అనుట సులభము. నిండకుండ నాపిన దెవరు?

స్వతంత్ర భారతమునను ఈ ప్రశ్న వచ్చినది. నౌకాదళమున నావికులు 10 ఏండ్లు క్రియాశీల సేవయు, పిదప 10 ఏండ్లు రిజర్వు సేవయు జేసి పింఛను బొందు పద్ధతి యుండెను. 1976 జూలై 3వ తేదీ నుండి ప్రభుత్వము రిజర్వులోనికి దీసికొనుట మానివేసెను. మొదటి పదియేండ్లును పూర్తిచేసినవాడు రెండవ పదియేండ్ల వాకిటికి వచ్చి చూడగా తలుపు మూయబడియుండెను. 2016లో సుప్రీం కోర్టు, రిజర్వున జేర్చుకొనబడనివారికి రిజర్విస్టు పింఛను రాదని చెప్పుచునే, ఆ యుత్తర్వువలన త్రోవ మూసికొనిపోయినవారిలో నొక వర్గమునకు ప్రత్యేక పింఛను నర్హత గలదని యంగీకరించెను. దీనినుండి నేను గ్రహించు ధర్మ మిది: సేవ చేయువాడు మానుకొన్న లోపము వానిది, చేయించుకొనువాడు మానిపించిన లోపము వానిపై మోపరాదు.

మన పూర్వు లీ సూక్ష్మము నెఱుగనివారు గారు. కౌటిల్యుడు ఆఱు విధములైన బలములను జెప్పుచు, మౌలబలము, భృతబలముల పిదప శ్రేణీబలమును బేర్కొనెను. వృత్తితో జీవించుచు నాయుధమును పట్టువారిని ‘వార్తాశస్త్రోపజీవు’ లనెను. నేటి టెరిటోరియల్ సిపాయికి ఇంతకంటె చక్కని పేరు లేదు. బలములలో తారతమ్యము నాతడు చెప్పెను. మొదటిది మేలని యనెను. కాని పనిలో మృతినొందినవాని భార్యాపుత్రులకు భోజనవేతనములు చెల్లవలెనని విధించునపుడు వాడు చేసిన దినముల నెంచుమని చెప్పలేదు. సభాపర్వమున నారదుడును, నీ కొఱకు మరణించినవారి భార్యలను పోషించుచున్నావా యని ధర్మరాజు నడిగెనే గాని, వారి భర్తలు ఎన్నేండ్లు కొలిచిరని యడుగలేదు.

పేరు నిచ్చి బాకీ తీఱెననుకొను దేశములును గలవు. అమెరికాలో నేషనల్ గార్డునను రిజర్వునను 20 ఏండ్లు పనిచేసినను, క్రియాశీల సేవకు పిలువబడనివానికి ‘వెటరన్’ అను పేరైనను లేకుండెను. 2016 డిసెంబరులో చట్టము చేసి యా పేరు నిచ్చిరి. దానివలన క్రొత్త లాభ మేదియు రాదనియు నందులోనే వ్రాసిరి. గౌరవము మంచిదే. కాని గౌరవముతో మందులు కొనరాదు.

మనకును నింక దొడ్డ పరీక్ష రానున్నది. 2022 జూన్ 14వ తేదీన అగ్నిపథ్ పథకము ప్రకటింపబడెను. నాలుగేండ్ల సేవ, పిదప నూటికి 25 మంది వఱకు క్రమసైన్యమున నిలుతురు, తక్కినవారికి కొంత మొత్తము చేతికి వచ్చును, పింఛను లేదు. మూడు దినములకే సికింద్రాబాదు స్టేషనున యువకుల యలజడియు, పోలీసు కాల్పులలో నొక యువకుని మరణమును మనము జూచితిమి. రైళ్లను తగులబెట్టుట ధర్మము కాదు. అయినను ఆ మంట వెనుక నున్న ప్రశ్న నీళ్లతో నాఱునది కాదు.

చదువరులారా, ప్రభుత్వమును నిందించి యూరకుండుట సుఖము. మన గృహములలో నేమి జరుగుచున్నది? పండుగకు మాత్రము పిలిచిన వంటమనిషి చేయి కాలినపుడు, “నీవు మా యింటి మనిషివి గావు” అనుచున్నాము. మా పాఠశాలలలో నేటి కేడు తాత్కాలికముగా నియమింపబడు ఉపాధ్యాయుడు పిల్లలకు జెప్పునది తాత్కాలిక విద్య గాదు; అయినను వేసవి రాగానే వానిని మఱచుచున్నాము. అవసరమైనపుడు నిండుమనిషిని బిలిచి, బాకీ తీర్చునపుడు వానిని ముక్కలుగా లెక్కించు నభ్యాసము మనయందున్నంతకాలము, మన శాసనములయందును నది యుండును.

వేచియుండుటకు పూర్తి వేతనము నిత్తుమా, మానుదుమా, దానిని ఖజానా చూచి నిర్ణయింతురు గాక. కాని గాయమునకు దినములు లెక్కింపమనియు, మనమే మూసిన తలుపునకు వానిని దోషిని జేయమనియు జెప్పుటకు ఖజానాతో బనిలేదు. ఆ తల్లి ప్రశ్నకు మఱునాడు నేను బదులు చెప్పితిని: “పోయేది నిండు ప్రాణమే, అమ్మా.” ఆమె “అది నాకు తెలుసు సారూ, కాయిదం మీద ఉన్నదా అని అడిగిన” అనెను. కుమారుడు కాగితములను మడిచి జేబులో నుంచుకొనెను. చేరునో, చేరడో యింకను నిశ్చయించుకొనలేదు.