చలికాలపు ఎండ ఎవరి వాటా?

ఇల్లు విశాలంగా ఉండడం వేరు, విశాలంగా అనిపించడం వేరు. గృహాలంకరణ పత్రికలు రెండోదాని గురించే ఎక్కువ మాట్లాడతాయి. గోడలకు లేతరంగులు వెయ్యండి, ఎదురుగా పెద్ద అద్దం పెట్టండి, హాలుకీ డైనింగుకీ మధ్య గోడ తీసెయ్యండి, చలికాలంలో కూడా ఇల్లు ఇరుకనిపించదు అంటాయి. ఎవరికి అనిపించదు? వచ్చి గంటసేపు సోఫాలో కూచుని టీ తాగి వెళ్ళే అతిథికా? పొద్దున ఐదింటికి లేచి రాత్రి పదింటిదాకా ఆ ఇంట్లోనే తిరిగే మనిషికా? ఇంట్లో ఎవరు, ఎక్కడ, ఎంతసేపు, ఎవరినీ అడక్కుండా కూచోగలరు అన్నదాన్ని బట్టే విశాలత్వం తేలుతుందని నేననుకుంటాను. గజాల లెక్క ఆ తర్వాతే.

శాలిబండ వెనక గల్లీలో మా తాతల నాటి పెంకుటిల్లు పంపకాల్లో ముక్కలైంది. చనిపోయిన మా నాన్న వంతు 110 గజాలు అమ్మకీ తమ్ముడికీ నాకూ ఉమ్మడిగా వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 1986లోనూ, దేశమంతటికీ 2005లోనూ వచ్చిన వారసత్వ చట్ట సవరణలు కూతుళ్ళకీ పుట్టుకతో ఆస్తిలో హక్కు ఇచ్చాయి కాబట్టి ఇంజనీరు ముందు కూచుని మాట్లాడే అర్హత నాకూ దక్కింది. సాహిత్యంలో డాక్టరేటు అక్కడ ఎందుకూ పనికిరాలేదు. అయితే గజాల్లో వాటా ఇచ్చే చట్టానికి ఎండలో వాటా ఇవ్వడం తెలియదని ఆ ప్లాను కాయితం ముందే నాకు అర్థమయింది.

చలికాలం గురించే ఎందుకు? వేసవిలో పాతబస్తీ ఇల్లు అందరినీ ఒకేలా లోపలికి తోస్తుంది. అందరికీ నీడే కావాలి. చలికాలం అట్లా కాదు. హైదరాబాదు చలి ఢిల్లీ చలి లాంటిది కాదు నిజమే, డిసెంబరు రాత్రుళ్ళు 15 డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది. కానీ ఎండ తగలని కింది గదుల్లో గచ్చు రోజంతా చల్లగానే ఉంటుంది. సాయంత్రం ఐదున్నరకే లైటు వెయ్యాలి. అప్పుడు ఇల్లంతా కుంచించుకుపోయి ఎండ పడే చోటు ఒక్కటే ఇల్లవుతుంది. మోకాళ్ళ నొప్పులతో అమ్మ, తలస్నానం చేసిన పిల్లలు, ఎండేసిన బొంతలు, పుస్తకం పట్టుకుని నేను, అందరం అక్కడికే చేరతాం. ఆ చోటు మీద పెత్తనం ఎవరిదో తెలిస్తే ఆ ఇంటి రాజకీయం తెలిసినట్టే.

ఎండకి ఒక లెక్క ఉంది. హైదరాబాదు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటి ఉంది. జూన్ మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. డిసెంబరు చివర దక్షిణానికి వాలి, మధ్యాహ్నం కూడా 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అప్పుడు 10 అడుగుల గోడ ఉత్తరం వైపు దాదాపు 9 అడుగుల నీడ వేస్తుంది. 20 అడుగుల గోడ 17 అడుగులు, 30 అడుగుల గోడ 26 అడుగులు. కాబట్టి చలికాలపు ఎండ ఇంట్లోకి రావాలంటే దక్షిణం తెరిచి ఉండాలి. మా ఇంటికి గల్లీ దక్షిణాన్నే ఉంది. కానీ వాస్తు దక్షిణాన్ని బరువుగా, మూసి ఉంచమంటుంది. ఇంజనీరు అక్కడ మెట్లూ, సామాన్ల గదీ గీశాడు. తమ్ముడు వాటిని కొట్టేయించి రెండు ముల్గీలు గీయించాడు.

ముల్గీలను వ్యాపార సంస్కృతి అని ఒక్కమాటతో తోసెయ్యడం నాకు సాధ్యం కాలేదు. ఆ కిరాయి అమ్మ పేరు మీద వస్తే, అరవై దాటిన ఆమె జీవితంలో అది మొట్టమొదటి సొంత ఆదాయం. స్త్రీ రాయాలంటే ఏడాదికి 500 పౌండ్లూ, తనదంటూ ఒక గదీ కావాలని వర్జీనియా వుల్ఫ్ 1929లో అంది. పాఠం చెప్పేటప్పుడు ఆ రెండింటినీ మనం ఒక్క ఊపిరిలో చెప్పేస్తాం, అవి ఎప్పుడూ కలిసే వస్తాయన్నట్టు. మా 110 గజాల మీద ఆ రెండూ ఒకే దక్షిణపు గోడ కోసం పోటీపడుతున్నాయి. డబ్బు కావాలంటే ఎండ వదులుకోవాలి. ఎండ కావాలంటే ప్రతి నెలా కొడుకు చేతి వైపు చూడాలి.

ఈ బేరం మా ఇంటితో మొదలు కాలేదు. సాలార్‌జంగ్‌లు నివసించిన దివాన్ దేవిడీలోనే 1951లో మ్యూజియం తెరిచారు. 1968లో దాన్ని మూసీ ఒడ్డున ఉన్న ఇప్పటి భవనానికి మార్చారు. దేవిడీ ద్వారాలు మిగిలాయి. లోపల ఆకాశం కనిపించిన చోట ఇప్పుడు వరసగా బట్టల దుకాణాలు. నగరమే వాకిలిని వదిలి ముల్గీని ఎంచుకున్నప్పుడు తమ్ముణ్ణి ఒక్కణ్ణే తప్పుపట్టడం న్యాయం కాదు.

ఆ వాకిళ్ళు పోయాయని బెంగపడే ముందు కూడా మనం ఒకసారి ఆగాలి. జెనానాలోని ఆ తెరిచిన ఆకాశం బయటి ఎత్తుగోడకు బదులుగా ఇచ్చింది. బయటికి రావద్దు గనక లోపల ఎండ కాచుకో అన్న ఏర్పాటది. పర్దా లేని, మేడలు లేని మా ఇంట్లో కూడా అదే ఏర్పాటు చిన్న కొలతలో నడిచింది. మగవాళ్ళకి వీధి అరుగు, ఆడవాళ్ళకి లోపలి వాకిలి. రొకేయా ‘సుల్తానాస్ డ్రీమ్’ 1905లో మద్రాసు నుంచి వెలువడే ఒక స్త్రీల పత్రికలో వచ్చింది. అందులో మగవాళ్ళు లోపల ఉంటారు, ఆడవాళ్ళు ఊరంతా తిరుగుతారు, సూర్యుడి వేడిని పట్టి పొగలేని వంట చేస్తారు. ఆమె స్త్రీలకి కోరింది ఎండలో కూచోడానికి అనుమతి కాదు, ఎండ మీద అధికారం. విమల ‘వంటిల్లు’ కవిత తర్వాత వంటింటి గురించి మనం చాలా మాట్లాడుకున్నాం. ఇంట్లో ఎండ పడే చోటు గురించి అంతగా మాట్లాడుకోలేదు.

చివరికి ఒక మధ్యేమార్గం గీయించాం. కింద ముల్గీలు, వాటి వెనక వంటిల్లూ హాలూ, మొదటి అంతస్తులో అమ్మ గది, ఆ గదికి ముందు దక్షిణాన 8 అడుగుల ఖాళీ జాగా. ఎదురింటి మిద్దె నీడ అక్కడికి రాదు. మెట్లు ఎత్తు తగ్గించి, మధ్యలో కూచోడానికి ఒక మలుపు పెట్టించాం. నాకు చాలా సంతోషమైంది. అమ్మ కాయితం కేసి చూడను కూడా చూడలేదు.

“ఎండ ఏడ పడ్తదో నేను చూసుకుంట బిడ్డా. పైతలుపు తాళంచెవి ఎవరి దగ్గరుంటదో అది చెప్పు” అంది.

అంతస్తుల ఇళ్ళలో ఉన్నవాళ్ళకి ఈ ప్రశ్న వివరించనక్కర్లేదు. మిద్దె అందరిదీ అంటారు. తాళం మాత్రం పైన ఉండేవాళ్ళ మేకుకి వేలాడుతుంది. బొంత ఎండేసుకోవాలన్నా కోడలినో, ఇంటి ఓనరునో అడగాలి. వాళ్ళు కాదనరు. కానీ అడగాలి. రోజూ అడగాల్సి వచ్చేచోట ఎంత జాగా ఉన్నా మనిషి ఒదిగే కూచుంటుంది. సిద్ధాంత గ్రంథంలో ‘స్పేస్’ అనే మాట ఎన్నిసార్లు వాడానో లెక్కలేదు. తాళంచెవి సంగతి అందులో లేదు.

రెండో ప్రశ్న కూడా అమ్మే అడిగింది. “మన మిద్దె నీడ ఆపా ఆంగన్‌ల పడ్తదా?”

ఉత్తరం వైపు మా వెనక గోడని ఆనుకునే ఖాలా ఇంటి ఆంగన్. అమ్మకి ఆపా, మాకు ఖాలా. ఆంగన్ వెడల్పు 18 అడుగులు. మా పెంకుటింటి గోడ 10 అడుగులే కాబట్టి ఇన్నాళ్ళూ చలికాలంలో కూడా సగం ఆంగన్‌లో ఎండ ఉండేది. మేము వెనక గోడదాకా రెండు వరసలు లేపితే 17 అడుగుల నీడ పడుతుంది, ఒక్క అడుగు ఎండ మిగులుతుంది. మూడో వరస వేస్తే అదీ ఉండదు. మొదటి అంతస్తుని ఉత్తరాన 10 అడుగులు వెనక్కి జరిపి, పిట్టగోడ బదులు జాలీ పెడితే ఇప్పుడున్న నీడ కంటే పెద్దగా పెరగదు. రెండో అంతస్తు కూడా కావాలంటే దాన్ని 20 అడుగులు జరపాలి. అప్పుడు తమ్ముడి కుటుంబానికి రెండు చిన్నగదులే మిగులుతాయి.

“ఎవరింటి ఎండ కోసమో నా పిల్లల గది తగ్గించాల్నా?” అని తమ్ముడు అడిగాడు. అది అన్యాయమైన ప్రశ్న కాదు. ఖాలా మమ్మల్నేమీ అడగలేదు. ఇల్లు కడుతున్నామంటే “బనాలో బేటా, ముబారక్” అంది. అడగని మనిషికి మనం ఎంత బాకీ ఉంటాం? నాకు తోచిన జవాబు ఒకటే. చలికాలమంతా ఇంట్లోనే ఉండే మనిషికి ఎండలో వాటా ఉందని అమ్మ తరఫున వాదించాను. ఆ వాదన నిజమైతే మా గోడ దగ్గర ఆగిపోదు. ఆగిపోతే అది న్యాయం గురించిన వాదన కాదు, మా కుటుంబం ఆస్తి గురించిన బేరం. ఇరుకైన చోట ఒక స్త్రీ విశాలత్వం మరో స్త్రీ వాకిట్లో నీడ కావడం చాలా తేలిక. అందులో ఎవరి దుర్మార్గమూ ఉండదు, గోడ లేస్తుందంతే.

ఖాలా ఆంగన్ని కూడా ప్లానులో గీసి చూపించమని ఇంజనీరుని అడిగాను. అది మీ స్థలం కాదు కదా మేడం అన్నాడు. నీడ మాది కదా అన్నాను. గీశాడు. ఆ కాయితం మీద చూశాక తమ్ముడు కొంచెం మెత్తబడ్డాడు. ఉత్తరం ఖాళీ వదలడం వాస్తుకి మంచిదని ఇంజనీరు కూడా ఒక మాట సాయం వేశాడు.

ఇప్పుడు మొదటి అంతస్తుకి ముందు 8 అడుగులు, వెనక 10 అడుగులు ఖాళీగా ఉన్నాయి. ముల్గీల కిరాయి కాయితం అమ్మ పేరున రాయించాలని ముగ్గురం అనుకున్నాం. పైతలుపుకి గొళ్ళెమే గాని తాళం ఉండదు. రెండో అంతస్తు ఆగింది. తమ్ముడు ఒప్పుకుని ఆగింది కాదు, డబ్బు చాలక ఆగింది. డబ్బు సమకూరిన రోజున ఈ వాదన మళ్ళీ మొదలవుతుంది. ఈలోగా మా ఎదురింటివాళ్ళు ఇంకో రెండంతస్తులు లేపాలనుకుంటే అమ్మ ఎండా పోతుంది. వాళ్ళ దగ్గరికి వెళ్ళి మాట్లాడే హక్కు మాకు ఏ కాయితం మీదా లేదు. ఖాలా వాకిలికి నీడ పెరగకుండా కట్టుకుంటే, అడిగే ముఖమైనా ఉంటుంది.