పరిహారంతో బాధ్యత తీరిపోతుందా?

ఒక యజమాని తన వద్ద పనిచేసేవారిని తొలగించాడు. చట్టప్రకారం రావలసిన సొమ్ము లెక్కగట్టి ఇచ్చాడు. వారు సంతకం చేసి పుచ్చుకున్నారు. ఇక అతని బాధ్యత తీరినట్టేనా? 'ఇచ్చాను, తీసుకున్నారు, ఇందులో అన్యాయమేముంది?' అన్న అతని మాట పైకి సబబుగానే తోస్తుంది. కాని అర్జెంటీనా దేశంలో జరిగిన ఒక ఉదంతం మనల్ని మరికాస్త లోతుగా ఆలోచింపజేస్తుంది.

వైపీఎఫ్ ఆ దేశపు ప్రభుత్వ చమురు సంస్థ. 1922లో ఏర్పడింది. కుత్రాల్ కో, ప్లాసా ఉయిన్కుల్ అనే జంట పట్టణాలు చమురు బావుల చుట్టూనే పుట్టి పెరిగాయి. ఉద్యోగంతోపాటు ఇల్లు, వైద్యం కూడా అక్కడ సంస్థ నీడలోనే లభించేవి. 1990లో సంస్థలో సుమారు 50 వేల మంది ఉండేవారు. నష్టాలు పెరిగాయని, సిబ్బంది అవసరానికి మించి ఉన్నారని చెప్పి ప్రభుత్వం దాన్ని ప్రైవేటుపరం చేయ సంకల్పించింది. కొద్ది సంవత్సరాల్లోనే ఆ సంఖ్య పదివేల లోపుకు దిగిపోయింది.

కార్మిక సంఘం ఏం చేసింది? దాని నాయకత్వం ఎదిరించి నిలవలేదు. చర్చలకు కూర్చుని ఒప్పుకుంది. ప్రతిగా నష్టపరిహారం, సంస్థ వాటాల్లో కార్మికులకు 10 శాతం అన్న హామీ లభించాయి. 1993లో వాటాలు మార్కెట్లో అమ్ముడయ్యాయి. పరిహారం అందుకున్నవారిలో అనేకులు చిన్న దుకాణాలు తెరిచారు, టాక్సీలు కొన్నారు. కాని ఊళ్లో అందరి జీతాలూ ఒకేసారి ఆగిపోతే ఆ దుకాణానికి వచ్చేదెవరు? ఆ టాక్సీ ఎక్కేదెవరు? సొమ్ము కరిగిపోయింది. వాటాల సొమ్ము కోసం ఎందరో ఏళ్ల తరబడి న్యాయస్థానాల చుట్టూ తిరిగారు. 1996 జూన్‌లో ఆ రెండు పట్టణాల ప్రజలు రోడ్లను దిగ్బంధం చేశారు. రాష్ట్ర గవర్నరు వచ్చి హామీలపై సంతకం చేశాకే దారి వదిలారు. 1997 ఏప్రిల్‌లో మళ్లీ రోడ్డెక్కారు. అప్పుడు పోలీసు తూటాకు ఒక యువతి బలైపోయింది.

నష్టంలో ఉన్న సంస్థ ఖర్చు తగ్గించుకోవడం తప్పని ఎవరూ అనరు. కాని వేరే దారి లేనివాడు పెట్టే సంతకం మనస్ఫూర్తిగా ఇచ్చిన అంగీకారం కాదు. తరతరాలుగా ఒక ఊరిని తనపైనే ఆధారపడేట్టు చేసుకున్నవాడు, ఒక్క పూటలో డబ్బు లెక్కపెట్టి 'ఇక మీకూ నాకూ సంబంధం లేదు' అనగలడా? ఆ డబ్బు పోయిన జీతానికి బదులు కావచ్చు. పోయిన ఆసరాకు బదులు కాజాలదు.

సంఘ నాయకుల విషయం మరింత గంభీరమైనది. వేలాది కుటుంబాల తరఫున కలం పట్టడం ఒక అమానతు. తెచ్చిన సొమ్మెంత అన్నది ఒక్కటే దానికి గీటురాయి కాదు. 'రేపు వీరేం తింటారు?' అని చర్చల బల్ల దగ్గర అడిగారా లేదా అన్నదే అసలు ప్రశ్న. ఆ ప్రశ్నకు ఇహంలో తప్పించుకున్నా, దైవసన్నిధిలో జవాబు చెప్పక తప్పదు.

సోదరులారా! ఇది చమురు కంపెనీలకే పరిమితమైన విషయం కాదు. మన దుకాణంలో పదేళ్లు పనిచేసిన కుర్రవాణ్ణి, మన ఇంట్లో అంట్లు తోమిన అమ్మను మాన్పించవలసి వస్తే, చేతిలో నాలుగు నోట్లు పెట్టి తలుపు మూసేస్తున్నామా? లేక ముందే చెప్పి, మరో పని చూసిపెట్టి, కొన్నాళ్లు యోగక్షేమాలు కనుక్కుంటున్నామా? కాగితం మీది లెక్క సంతకంతో ముగుస్తుంది. అల్లాహ్ వద్ద ఉన్న లెక్క అంత తేలికగా ముగియదు.