చాలు అనవలసింది ఎవరు?

పోయిన నెల, తెనాలి దగ్గర మా ఊరి హైస్కూలు పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఒక ప్రశ్న వచ్చింది. "స్కూలుకి ఇరవై ట్యాబులు కొనిద్దామనుకుంటున్నాం. చవకలో ఏది చాలుతుంది? నువ్వు కంప్యూటర్లవాడివి కదా, ఒక మాట చెప్పు" అని. ఏ యంత్రం కొనాలో, ఏది పారెయ్యాలో కంపెనీలకి చెప్పి డబ్బు తీసుకోవడమే నా వృత్తి. ఐదు నిమిషాల్లో చెప్పాల్సిన జవాబు. నెల దాటినా చెప్పలేకపోయాను. ఎందుకో చెప్పాలంటే ముందు మా ఇంట్లో ఉన్న చిన్న కంప్యూటరు సంగతి చెప్పాలి.

పెర్త్ వచ్చిన కొత్తలో, 2009లో కొన్నాను దాన్ని. పదంగుళాల తెర, ఒక్క జీబీ మెమరీ, కిలో పైన కాస్త బరువు. అలాంటివాటిని అప్పట్లో నెట్‌బుక్ అనేవారు. 2007లో ఏసుస్ వాళ్ల ఏడంగుళాల ఈ-పీసీతో ఊపందుకున్న ఆ వరస, ట్యాబ్లెట్లు వచ్చి పడ్డాక ఐదారేళ్లకే అంతరించిపోయింది. నాది మాత్రం బతికే ఉంది. విండోస్ తీసేసి లైనక్స్ వేశాను. రెండుసార్లు బ్యాటరీ మార్చాను. డెబియన్ వాళ్లు కూడా 2025 ఆగస్టులో వచ్చిన పదమూడో విడుదల నుంచి ఇలాంటి 32-బిట్ యంత్రాల్లో కొత్తగా ఇన్‌స్టాల్ చేసుకునే వీలు తీసేశారు. అంతకు ముందు విడుదలతోనే నెట్టుకొస్తున్నాను.

మేముండే హారిస్‌డేల్ పెర్త్ నగరానికి దక్షిణంగా సుమారు ఇరవై కిలోమీటర్లు. 2025 జూన్‌లో దగ్గర్లోనే రాన్‌ఫర్డ్ రోడ్ స్టేషన్ తెరిచాక కారు మానేసి రైల్లో ఆఫీసుకి వెళ్తున్నాను. ఆ ప్రయాణంలో ఒళ్లో ఉండేది ఇదే. ఒత్తులు, గుడులు స్పష్టంగా కనపడాలంటే అక్షరం పెద్దది చెయ్యాలి, పెద్దది చేస్తే తెర మీద పట్టేది పది వరసలు. అందుకని ఆ పది వరసల గురించే ఆలోచిస్తాను. మెయిళ్లు రావు, ఎవరూ పిలవరు. చెప్పొద్దూ, నాకు కొంచెం గర్వంగా కూడా ఉండేది. శనివారం భోజనాల దగ్గర ఎవరైనా కొత్త లాప్‌టాప్ గురించి మొదలుపెడితే, నా చిన్నదాన్ని తెచ్చి చూపించి "మనిషికి ఇంతకన్నా ఏం కావాలండీ" అనేవాణ్ణి.

ఈ జనవరిలో మా అమ్మాయి హైస్కూల్లో ఏడో తరగతికి వచ్చింది. వాళ్ల స్కూల్లో పిల్లలు ఎవరి లాప్‌టాప్ వాళ్లే తెచ్చుకోవాలి. అది అడిగినదాని ధర చూసి నా ఉపన్యాసం మొదలుపెట్టాను. నాన్నకి పదహారేళ్లుగా ఇది చాలుతోంది కదమ్మా అని. అది తలెత్తకుండానే అంది: "నీకు ఆఫీసు లాప్‌టాప్ ఉంది కాబట్టి అది చాలుతోంది నాన్నా."

నిజమే. బ్యాంకు పని, పన్నుల పని, వీడియో కాల్, జీతం తెచ్చే పని అన్నీ ఆఫీసు వాళ్లిచ్చిన పెద్ద యంత్రంలో చేసి, మిగిలిన అరగంట చిన్నదానితో వైరాగ్యం వెలగబెడుతున్నాను. సరే చూద్దామని, తరవాత వచ్చిన సెలవుల్లో పెద్దదాన్ని సొరుగులో పెట్టి తాళం వేశాను. ఫోను మాట్లాడటానికి తప్ప వాడనని ఒట్టు పెట్టుకున్నాను. బ్యాంకు పేజీ తెరుచుకునేలోపు కాఫీ చల్లారిపోయింది. అమ్మతో వీడియోలో మాట్లాడబోతే బొమ్మ బిగుసుకుపోయింది. ఐదో రోజున ఎవరూ చూడకుండా సొరుగు తీశాను.

ఆ రోజే మా అక్క కొడుకు గుర్తొచ్చాడు.

2020లో వాడు ఇంటర్ రెండో ఏడు. కరోనాతో కాలేజీ మూతపడింది, పాఠాలన్నీ ఆన్‌లైన్‌లోనే. అక్క ఫోన్ చేసి "ఒరే తమ్ముడూ, వాడికి కంప్యూటరు కొనమంటావా?" అని అడిగింది. "పాఠాలు వినడానికేగా అక్కా, ఎనిమిది వేలలో ట్యాబు వస్తుంది, అది చాలు" అన్నాను. కొనేది బావగారే అయినా నా మాట మీదే కొన్నారు. వాడికి ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలని ఉండేది. ఆ ట్యాబులో ఒక ఉచిత యాప్ వేసుకుని, అద్దం మీద వేలితో ఒక్కో అక్షరం పొడుస్తూ ప్రయత్నించాడట. సగం తెర కీబోర్డుకే పోయేది. నాలుగు వరసలు రాస్తే ఐదోది కనపడేది కాదు. రెండు నెలలు చూసి మానేశాడు.

2022లో ఇండియా వెళ్లినప్పుడు వాడు సివిల్ ఇంజనీరింగ్‌లో ఉన్నాడు. "కంప్యూటర్స్ అనేవాడివి కదరా, ఏమైంది?" అంటే నవ్వాడు. "నాకు బుర్ర లేదనుకున్నాను మావయ్యా. తరవాత కాలేజీ ల్యాబులో మామూలు కంప్యూటరు ముందు కూర్చుంటే తెలిసింది, అది నా బుర్ర కాదని. ఆ ట్యాబులో చూడ్డం వచ్చింది గానీ చెయ్యడం రాలేదు."

సివిల్ చదవడంలో తప్పేం లేదు, ఇప్పుడు బాగానే ఉన్నాడు. నేనూ అప్పుడే ఒక లాప్‌టాప్ కొనిచ్చి మనసు కడిగేసుకున్నాను. కానీ పనిముట్టులో ఉన్న లోపాన్ని ఒక పిల్లాడు ఏడాది పైగా తన లోపమనుకున్నాడు. దానికి కారణం నా నోటి నుంచి వచ్చిన "చాలు" అనే మాట.

పెద్దవాళ్లూ ఇలాంటి పనే చేశారు. 2010లో అప్పటి కేంద్ర మానవ వనరుల మంత్రి కపిల్ సిబల్ 35 డాలర్ల కంప్యూటరు అంటూ ఒక నమూనా చూపించారు. 2011 అక్టోబరులో అది ఆకాశ్ పేరుతో వచ్చింది. డేటావిండ్ అనే కంపెనీది, బిగించింది మన హైదరాబాదులోనే. 366 మెగాహెర్ట్‌జ్ ప్రాసెసరు, 256 ఎంబీ మెమరీ, గట్టిగా నొక్కితే తప్ప కదలని ఏడంగుళాల తెర. నెమ్మదని, బ్యాటరీ నిలవదని విమర్శలొచ్చాయి. మరుసటి ఏడాదే మెరుగుపరిచిన ఆకాశ్-2 తేవలసి వచ్చింది. దాన్ని తలపెట్టినవాళ్ల ఉద్దేశం మంచిదే, అనుమానం లేదు. కానీ అందరి నోటా వినపడింది ధరే. ఆ ధరలో పిల్లాడు ఏం చెయ్యగలడన్నది తరవాతి ప్రశ్న అయిపోయింది.

చవకగా ఉన్నంత మాత్రాన అలాగే ఉండాలని లేదు. నికొలస్ నెగ్రొపాంటే బృందం 2005లో వంద డాలర్ల లాప్‌టాప్ అని మొదలుపెట్టింది. 2007లో తయారీకి వచ్చేసరికి ఖర్చు దాదాపు రెట్టింపైంది. 2006లోనే మన కేంద్ర విద్యాశాఖ అది మనకొద్దంది. దాని మీద రావలసిన విమర్శలు చాలానే వచ్చాయి. కానీ ఆ ఆకుపచ్చ పెట్టెలో పిల్లలు సొంతంగా ప్రోగ్రాములు రాసుకునే సాధనాలున్నాయి. ప్రోగ్రాము లోపల ఏముందో విప్పి చూడ్డానికి కీబోర్డు మీద ఒక మీట కూడా పెట్టారు. దాన్ని తయారుచేసినవాళ్లు పిల్లాణ్ణి చూసేవాడిగానే కాక, చేసేవాడిగా కూడా ఊహించుకున్నారు. మా మేనల్లుడి విషయంలో నేను ఆ ఊహ చెయ్యలేదు.

ఇక నా వృత్తిలో జరిగేది దీనికి తిరగబడిన పని. 2025 అక్టోబరు 14న మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి మామూలు మద్దతు ఆపేసింది. కొన్నాళ్ల పొడిగింపు దొరుకుతుంది గానీ, విండోస్ 11కి వెళ్లాలంటే టీపీఎం 2.0 ఉండాలి, వాళ్ల జాబితాలో ఉన్న ప్రాసెసరు ఉండాలి. నిక్షేపంలా నడుస్తున్న యంత్రాల ఎదురుగా కూర్చుని "ఇవింక చాలవండీ" అని చెప్పినవాళ్లలో నేనూ ఉన్నాను. భద్రత కోసం చెప్పక తప్పదు. కానీ ఆ ఇంటి పెద్దాయనకి ఈమెయిలు చూసుకోవడానికి, మనవడి ఫోటోలు దాచుకోవడానికి అది బ్రహ్మాండంగా చాలేది.

మన ఇళ్లల్లో పెళ్లి భోజనం గుర్తు చేసుకోండి. వడ్డించేవాడు గిన్నె పట్టుకుని నిలబడతాడు. "చాలు" అనవలసింది విస్తరి ముందు కూర్చున్నవాడు. కడుపు నిండినా కొసరి కొసరి వేసే వడ్డనవాణ్ణి చూసి నవ్వుకుంటాం, విస్తరి మీద రెండు చేతులూ అడ్డం పెడతాం. ఒక్క గరిటె వేసి "నీకు చాల్లే" అని ముందుకు వెళ్లిపోయేవాణ్ణి మాత్రం జన్మంతా మరిచిపోం. కంప్యూటర్ల వ్యాపారం ఉన్నవాడి విస్తట్లో మొదటివాడిలా వడ్డిస్తోంది, మన దానధర్మాలు లేనివాడి విస్తట్లో రెండోవాడిలా వడ్డిస్తున్నాయి. ఇద్దరూ తింటున్నవాడి నోట్లోంచి ఒకే మాట లాక్కుంటున్నారు.

కొద్దితో తృప్తి పడటం గొప్ప గుణమే. నేనిప్పటికీ నమ్ముతాను. కాకపోతే అది నా విస్తరికి మాత్రమే నేను చెప్పుకోగల మాట, అదీ సొరుగులో పెద్ద యంత్రం పెట్టుకుని కాదు. అమ్మాయిని కూర్చోబెట్టి ఏమేం చెయ్యాలనుకుంటున్నావని అడిగాను. తను మొదట అడిగినదాని కన్నా తక్కువ ధరదే సరిపోయింది. ఆ సంగతి కూడా తనే తేల్చింది.

నిన్న రైల్లో, ఇదే చిన్న కంప్యూటరులో, ఊరి గ్రూపుకి జవాబు రాశాను. ఏ ట్యాబో చెప్పలేదు. ఆ ఇరవైతో పిల్లలు ఏం చెయ్యాలనుకుంటున్నారో, ఏం చేయించగలరో ముందు పిల్లల్నీ మాస్టార్లనీ అడగమన్నాను. ఇరవై బదులు కీబోర్డున్నవి పది వస్తే నయమంటారేమో కనుక్కోమన్నాను. కొనబోయేదాన్ని మనలో ఒకరు వారం రోజులు, మరో యంత్రం ముట్టుకోకుండా వాడి చూడాలని కూడా రాశాను. ఆ ఒకరు నేనే అవుతానన్నాను.

చదివినట్టు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు ఇంకా రాలేదు.