గాదెలోని గింజ

ధ్యానభాగము: ఆదికాండము 41:46–57



ఒక సంవత్సరము కోతపండుగనాడు మీరు అర్పించిన వడ్లలో మూడు బస్తాలు బీదల నిమిత్తము నా యింట నిలువచేయబడెను. నేను త్వరపడి వాటిని పాత గోనెసంచులలోనే పోయించి, గోడకు ఆనించి పెట్టి, మరచితిని. ఆషాఢములో, ఇండ్లలో తిండిగింజలు తరుగు దినములలో, ఒక విధవరాలు బిడ్డలతో వచ్చినది. సంచి విప్పగా లోపలినుండి వేడి కొట్టెను. సన్నని చిలుకలు గుంపుగా లేచెను. ఊకయు పిండియుతప్ప నిండు గింజ చేతికి రాలేదు. ఆమె నన్ను నిందింపలేదు. "అయ్యగారూ, ఈ సంచి పెట్టినంక మళ్ళొకసారి విప్పి చూసిండ్రా?" అని మాత్రము అడిగెను. నాయొద్ద ప్రత్యుత్తరము లేకపోయెను.

యోసేపు ఏడు సమృద్ధియైన సంవత్సరముల ధాన్యమును పట్టణములలో కూర్చెను. కరవు వచ్చినప్పుడు కొట్లు విప్పించెను. ఆకలిగొన్నవారికి గింజ దొరికెను. కూర్చుట సగము పని. విప్పిన దినమున గింజ గింజగా ఉండునట్లు కాపాడుట తక్కిన సగము. నేను మొదటి సగముతోనే తృప్తిపడితిని.

పురుగు ఎక్కడనుండి వచ్చును? వడ్లచిలుక పొలములో వెన్ను పండుచుండగానే గింజలపై గ్రుడ్లు పెట్టును. సన్నని పురుగు పొట్టుసందున దూరి లోపలి బియ్యమును తినుచు పెరుగును. అది చిలుకయై వెలికి వచ్చువరకు ఆ గింజ మన కంటికి మంచి గింజయే. బియ్యములోని ముక్కుపురుగు గింజకు బెజ్జముచేసి, గ్రుడ్డుపెట్టి, జిగురుతో మూసివేయును. పాత సంచుల కుట్లలోను, గాదె బీటలలోను దాగినవి క్రొత్త పంటలోనికి ప్రాకును. తలుపు పగులగొట్టి ఎవడును రాలేదు. మనమే ఇంటికి మోసికొని వచ్చితిమి.

కాబట్టి గింజను పంటితో కొరికిన పుటుక్కున విరుగువరకు ఎండబెట్టుడి. తేమ నూటికి 12 పాళ్ళకు మించరాదు. సంచులను వేడినీళ్ళలో ముంచి ఎండవేయుడి. గాదె బీటలను మట్టితో పూడ్చి, అలికి, ఆరనిచ్చి, అటుపిమ్మట గింజ పోయుడి. బస్తాలను నేలమీద గాక చెక్కలమీద, గోడకు ఎడముగా పెట్టుడి. పాత గింజపై క్రొత్త గింజ పోయకుడి. 2022 జూలైలో గోదావరి భద్రాచలమువద్ద 71 అడుగులు దాటిన సంగతి మీకు తెలియును. అట్టి వరదలో తడిసిన గింజను పొడి గింజతో కలుపకుడి. పదునైదు దినముల కొకసారి చేయిపెట్టి చూడుడి. వేడి తగిలిన, వెంటనే ఎండలో పోయుడి. నీడన ఎండించిన వేపాకు మంచిదే; అది చేరవచ్చు పురుగును తగ్గించును గాని, గింజలో ముందే ఉన్నదానిని చంపదు.

విషముల విషయమై జాగ్రత్త. పూర్వము చల్లిన బి.హెచ్.సి. పొడిని 1997లో ప్రభుత్వము నిషేధించినది. అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలు గాలిలోని తేమకు విషవాయువును విడుచును. ఒక్క రాత్రిలో ప్రాణములు పోవును. బిడ్డలు నిద్రించు ఇంటిలో వాటిని పెట్టనే పెట్టకుడి. బస్తా గింజలకన్న బిడ్డ విలువైనది గదా.

నిలువచేయుట అవిశ్వాసమని కొందరందురు. నిర్గమకాండము 16వ అధ్యాయము చూడుడి. ఆజ్ఞ మీరి ఉదయమువరకు ఉంచుకొన్న మన్నా పురుగుపట్టెను. విశ్రాంతిదినము నిమిత్తము ఆజ్ఞప్రకారము ఉంచినది చెడలేదు. ఎవరి మాటచొప్పున, ఎవరికొరకు దాచుచున్నామో అదియే ప్రశ్న.

హృదయమును గాదెవంటిదే. పోయిన సంవత్సరపు పగను ఊడ్చివేయక, దానిమీదనే ఈ సంవత్సరపు స్తోత్రములు పోయుచున్నామా? సహోదరునితో మాటలేక, బల్లయొద్దకు వచ్చుచున్నామా? పైకి గింజ నిండుగానే కనబడును. లోపల తినుచున్నదానిని వెలుగులోనికి తెచ్చి, ప్రభువు ఎదుట ఒప్పుకొనుటయే ఎండ. ఆ విధవరాలి ప్రశ్న నేడు మనలో ప్రతివానికి వచ్చుచున్నది: పెట్టినంక మరల విప్పి చూచితివా?

ఆ సంవత్సరము మా యింటి తిండిగింజలనుండి ఆమె భాగము ఇచ్చితిమి. అది దానము కాదు, తీర్చవలసిన ఋణము. ఈ కోతకు ముందే మీ గాదెను ఊడ్చుడి; మీ పొరుగువాని గుమ్మము త్రొక్కి సమాధానపడుడి.

ప్రార్థన: ప్రభువా, నీవు మా చేతికిచ్చిన గింజను, మా యొద్దనున్న బీదల భాగమును, మా హృదయములను మెలకువతో కాపాడుకొనుటకు సహాయము చేయుము. ఆమేన్.