కాలక్షేపానికి కాదు

రిటైరయ్యాక రంగులూ కుంచెలూ కొనుక్కుంటే ఇంట్లోవాళ్లు సంతోషిస్తారు, పోనీలే పెద్దాయనకు కాలక్షేపం దొరికిందని. ఆ సంతోషంలో కాస్త చులకన కూడా ఉంది. మలివయసులో పట్టిన కుంచె మనిషికి పొద్దున్నే లేవడానికి ఒక కారణం కావాలంటే అది కాలక్షేపంగా మిగలకూడదని నా వాదన. బయటివాళ్లు చూసి, బేరమాడి, బాగాలేదని మొహం మీదే చెప్పగలిగే పని కావాలి.

అమెరికాలో గ్రాండ్‌మా మోజెస్‌గా పేరుపడ్డ రైతు భార్య సంగతే చూడండి. 1860లో పుట్టిన ఈమె ఊలుతో బొమ్మలు కుట్టేది. కీళ్లనొప్పులతో సూది పట్టడం కష్టమై, డెబ్బై దాటాక రంగుల్లోకి దిగింది. సంతలో పెడితే ఆమె జామ్‌కు బహుమతి వచ్చింది గాని బొమ్మలకు రాలేదు. ఊసుపోక వేసేవాళ్లయితే అక్కడితో సర్దేసేవారు. ఆమె వాటిని మందుల షాపులో అమ్మకానికి పెట్టింది. సైజును బట్టి మూడు నుంచి అయిదు డాలర్లు. 1938లో ఒక సేకర్త కంటపడ్డాయి, 1940లో న్యూయార్క్‌లో సొంత ప్రదర్శన జరిగింది. ఆమె పనితీరు ఇంకా ఆసక్తికరం. ముందు పలకకు తెల్లరంగు పూతలు పూసేది. తర్వాత పైనుంచి కిందికి వరసగా ఆకాశం, కొండలు, ఇళ్లు, పశువులు, అన్నీ అయ్యాక మనుషులు. పొలంపని చేసిన చేతికి వరస తప్పడం తెలియదు మరి.

డబ్బు చేరితే కళ చెడుతుందనేవాళ్లున్నారు. అది చాలావరకు కడుపు నిండిన మాట. మధ్యప్రదేశ్ ఉమరియా జిల్లాలోని బైగా గిరిజన మహిళ జోధయ్యాబాయి భర్త పోయాక, కూలిపనులతో బతుకుతూ, అరవై దాటాక ఆశిష్ స్వామి అనే చిత్రకారుడి దగ్గర బొమ్మలు నేర్చుకుంది. 2023లో పద్మశ్రీ వచ్చింది. అవసరం ఆమెను వదల్లేదు, అయినా ఆమె పులులూ విప్పచెట్లూ కొనేవాడి కోసం ముస్తాబైనట్టు కనిపించవు.

మలివయసులోనే బొమ్మల్లోకి దిగిన రవీంద్రుడి పేరెత్తితే మరో అభ్యంతరం: నోబెల్ కవి ఏం గీసినా పారిస్ పిలుస్తుందని. నిజమే, డెబ్బైకి దగ్గరపడ్డాక 1930లో అక్కడ జరిగిన తొలి ప్రదర్శన వెనక అర్జెంటీనా రచయిత్రి విక్టోరియా ఒకాంపో పూనిక ఉంది. కానీ రాతప్రతుల్లో కొట్టివేతలను ఆకారాలుగా మలచడంతో మొదలుపెట్టి రెండువేలకు పైగా బొమ్మలు వేయించింది ఆ నోబెల్ కాదు. కవిగా ఆయనను నెత్తిన పెట్టుకున్న జనం ముందు కాకుండా, తన భాష రాని జనం ముందు కొత్తవాడిగా నిలబడ్డాడు.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం వేరే ఉంది. ముప్పై, నలభై ఏళ్లు ఆఫీసులో గడువులు మోసినవాడికి మళ్లీ గడువులెందుకు? ఈ ప్రశ్నకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. హాయిగా వేసుకుని గోడకు తగిలించుకోవడంలో తప్పేమీ లేదు. కాకపోతే ఆ గోడ దగ్గరికి వచ్చిన చుట్టాలంతా బాగుందనే అంటారు. రేపు ఇంతకన్నా బాగా వేయాలన్న పట్టుదల ఆ పొగడ్త నుంచి పుట్టడం నాకైతే అనుమానమే.