అడిగి తీసుకున్నది కానుకేనా?



ఈ వారం మీ ముందు ఒక తప్పు ఒప్పుకోవలసి ఉన్నది. అది నాదే.

కరీంనగర్ ప్రాంతంలో ఒక కుటుంబం. పెద్దకొడుకుకు రెండు కిడ్నీలూ చెడిపోయాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్, ఒక్కోసారి నాలుగేసి గంటలు. తల్లి ఇద్దామంటే ఆమెకు షుగరు. భార్య ఇద్దామంటే రక్తం గ్రూపు కుదరలేదు. మిగిలింది తమ్ముడు. ఒకనాడు పూజ అయ్యాక ఆ అవ్వ వచ్చి, "మీరొక్క మాట చెప్తే వింటడు ఫాదర్" అని ఏడ్చింది. వెళ్లాను. క్రీస్తు ప్రభువు త్యాగాన్ని గురించి చాలాసేపు చెప్పాను. తమ్ముడు తల వంచుకుని విని, "మీరు ఇంటిదాక వచ్చి అడిగినంక కాదంటనా" అన్నాడు. తలుపు దగ్గర అతని భార్య చంకలో పిల్లతో నిలబడి ఉన్నది. ఆమె ఏమీ అనలేదు. నేనూ ఆమెను ఏమీ అడగలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. "కాదంటనా" అన్నది ఒప్పుకోవడమా, లొంగిపోవడమా?

బతికున్న మనిషి తన మంచి అవయవాన్ని మరొకరికి ఇవ్వవచ్చునా అన్నది శ్రీసభలో ఒకప్పుడు తేలని ప్రశ్నే. దేహమంతటినీ కాపాడుకోవడానికి కుళ్లిన వేలును తీసివేయవచ్చునని సెమినరీలో మాకు నేర్పారు. కాని చెడని భాగాన్ని, ఇంకొకరి దేహం కోసం? ఇవ్వవచ్చునని 1944లో అమెరికాలో బెర్ట్ కన్నింగ్‌హామ్ అనే గురువు వాదిస్తే, అందరూ ఒప్పుకోలేదు. 1954 డిసెంబరు 23న బోస్టన్‌లో డాక్టర్ జోసెఫ్ మర్రే కవలలలో ఒకరి కిడ్నీని మరొకరికి అమర్చారు. పుచ్చుకున్న రిచర్డ్ హెరిక్ మరో ఎనిమిదేళ్లు బతికాడు. ఇచ్చిన రొనాల్డ్ 2010 వరకు ఉన్నాడు. ఆపరేషనుకు ముందు రాత్రి రిచర్డే చీటీ రాసి, నువ్వు ఇంటికి వెళ్లిపో అన్నాడట. రొనాల్డ్ కదలలేదు. ప్రాణం మీదికి వచ్చినవాడే తలుపు తెరిచి పొమ్మన్నాడు చూడండి! నేను ఆ ఇంట్లో చేసింది దీనికి సరిగ్గా తిరకాసు.

ద్వితీయ జాన్‌పాల్ పాపుగారు 1995లో 'ఎవాంజెలియుమ్ వీటే' లేఖలో అవయవదానాన్ని అనుదిన జీవితపు వీరత్వంలో చేర్చారు. అయిదేళ్లకు రోములో వైద్యులతో మాట్లాడుతూ, ఇచ్చేవారు అంతా తెలిసి సమ్మతించాలని గట్టిగా చెప్పారు. తన ప్రాణాన్ని ఎవరూ లాక్కోరని, తానే ధారపోస్తున్నానని ప్రభువు పలికిన సంగతి యోహాను సువార్తలో మనకు తెలిసిందే. త్యాగాన్ని గురించి అంతసేపు చెప్పిన నాకు ఆ సంగతి గుర్తు రాలేదు.

అవయవాల అమ్మకాన్ని 1994 చట్టం నిషేధించింది. అయినా దొంగచాటున సాగుతూనే ఉన్నది. 2025 జనవరిలో హైదరాబాదు సరూర్‌నగర్‌లో ఏం బయటపడిందో పత్రికల్లో చదివారు గదా. డబ్బు చేతులు మారితే పోలీసులు పట్టుకుంటారు. తల్లి కన్నీటిని, ఫాదర్‌గారి రాకను ఎవరు పట్టుకుంటారు? 1995 నుండి 2021 వరకు మన దేశంలో జరిగిన 36,640 అవయవ మార్పిడులలో 29,000 పైచిలుకు పురుషులకే జరిగాయి. స్త్రీలకు 6,945. బతికుండి ఇచ్చేవారిలో మాత్రం స్త్రీలే ఎక్కువ. మన ఇళ్లలో భార్యను "ఇస్తావా" అని అడిగేవారెవరు? ఇస్తుందనే లెక్క.

అయితే ఆ అవ్వ అడగకూడదా? ఇద్దరూ ఆమె కడుపున పుట్టినవారే. ఒకడు కళ్ల ముందు ఎండిపోతుంటే ఏ తల్లి నోరు మూసుకుంటుంది? అడగడం తప్పని నేను అనలేను. ఇవ్వగలిగి ఉండీ ఇవ్వనివాని మనసు దేవుడెరుగును, దానికి తీర్పరులం మనం కాము. కాని పదిమందిలో అడగడం, పండుగనాడు అడగడం, గురువును పంపి అడగడం, ఇవి అడగడం కాదు. కాదనడానికి సందు లేని చోట అవుననడానికి విలువేమిటి?

మళ్లీ వెళ్లాను. "నేను చెప్పానని ఇవ్వకు. ఇవ్వకపోయినా గుడిలో నీ చోటు నీదే, నా దగ్గర నీ మర్యాద నీదే" అన్నాను. తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు. మొదటిసారిగా అతని భార్య నోరు విప్పింది. "ఇచ్చినంక ఈయన నాట్లకు పోతడా ఫాదర్? బస్తాలు మోస్తడా? నాకెవ్వరు చెప్పలే."

నాకూ తెలియదు. డాక్టరును అడగాలి అన్నాను.

వచ్చే సోమవారం అన్నదమ్ములిద్దరూ, ఆమె, కలిసి హైదరాబాదు పోతున్నారు. అడగవలసినవన్నీ ఆమె పిల్లవాని పాత నోటుబుక్కులో రాసుకున్నది. మొన్న నాకు చూపించింది, పదకొండు ఉన్నాయి.