పునర్ద్యూతం – పునర్వ్యసనం: ఒక నైతిక పరిశీలన

ప్రవేశిక

తెలుగులో ‘వ్యసనం’ అనే మాటకు రెండు అర్థాలున్నాయి. మానలేని దురలవాటు ఒకటి. ఆపద, దుఃఖం మరొకటి. ‘వ్యసనపడు’ అంటే దుఃఖించు అని అర్థం. భాష దోషాన్నీ బాధనూ ఒకే పదంలో నిలిపింది. మత్తు మానినవాడు మళ్లీ దానివైపు మళ్లితే మనం మాత్రం దోషాన్నే చూస్తాం. ఆ చూపు ఎంతవరకు న్యాయమో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మా ఊరు రంగారెడ్డి జిల్లా బాలాపూర్. మా వీధిలో ఒకాయన కల్తీ కల్లుకు అలవాటుపడి, చికిత్స పొంది, ఐదు నెలలు దానికి దూరంగా ఉన్నాడు. ఒక సాయంత్రం పాత మిత్రులు పిలిస్తే వెళ్లాడు. ‘వీడికి బుద్ధి రాదు’ అని వీధంతా తీర్పు చెప్పింది. ఆ తరువాత ఆయన వైద్యుని దగ్గరకు వెళ్లడమే మానేశాడు. ఆ తీర్పులో నాకూ పాలుంది.

శరీరం, సంకల్పం

కల్తీ కల్లులో డయాజెపాం, ఆల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ వంటివి కలుపుతారు. 2015లో తెలంగాణలో కల్తీపై దాడులు ముమ్మరమై సరఫరా ఆగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందలాది మంది ఆసుపత్రుల పాలయ్యారు. వణుకు, మతి తప్పడం, మూర్ఛ సంకల్పబలంతో ఆగేవి కావు. అయితే ఈ తీవ్ర లక్షణాలు తగ్గిన నెలల తరువాత కూడా కొందరు మళ్లీ మొదలుపెడతారు. కాబట్టి వీటితోనే కారణం పూర్తి కాదు.

పిలుపు

మంచి తెలిసినవాడు చెడు చేయడని సోక్రటీస్ వాదం. తెలిసీ చేసేవారుంటారని అరిస్టాటిల్ అంగీకరించాడు. మహాభారత సభాపర్వం ఈ రెండవ స్థితినే చూపుతుంది. పోయినదంతా తిరిగి పొంది ఇంద్రప్రస్థానికి మరలిన ధర్మరాజును దారిలోనే ప్రాతికామి వెనక్కు పిలుస్తాడు. కీడు తెలిసీ, పెద్దల ఆజ్ఞ అంటూ ధర్మరాజు మళ్లీ జూదానికి కూర్చుంటాడు. రాజు ఆజ్ఞా మిత్రుల పిలుపూ ఒకటి కావు. కాని రెండింటా పోలిక ఉంది: మనిషి మారాలనుకున్నా, అతన్ని పిలిచే సభ మారలేదు.

జారడం, పడిపోవడం

అలన్ మార్లట్, జుడిత్ గోర్డన్ 1985లో వెలువరించిన గ్రంథంలో ఒక్కసారి జారడాన్నీ పూర్తిగా పడిపోవడాన్నీ వేరుచేశారు. జారినవాడు ‘నా స్వభావమే ఇంత’ అనుకున్నప్పుడు ఆ సిగ్గు, నిరాశలే అతన్ని పతనం వైపు నెడతాయని వారి వివరణ. ఆ మాటను అతని చేత అనిపించేది తరచు మనమే. అప్పుడు మన తీర్పు పతనాన్ని వర్ణించడంతో ఆగదు. దానికి ఒక కారణమవుతుంది.

ముగింపు

ఇలా అంటే వ్యక్తి బాధ్యత చెరిగిపోదా? చెరగదు. పన్నెండేళ్ల వనవాసం, ఒక యేడు అజ్ఞాతవాసం ధర్మరాజుకు తప్పలేదు. అరణ్యంలో ద్రౌపది, భీముడు అతన్ని గట్టిగా నిలదీశారు, కాని విడిచిపోలేదు. నిలదీయడం వేరు, వెలివేయడం వేరు. మొదటిది బాధ్యతను గుర్తుచేస్తుంది. రెండవది తిరిగివచ్చే దారిని మూస్తుంది. మా వీధి ఆయనను నిలదీయలేదు, వెలివేసింది. ‘వ్యసనం’ అనే పదంలోని రెండవ అర్థాన్ని మేము మరచిపోయాం.